తల ఎముకలో గడ్డ కనబడితే: స్కాన్ నుంచి ఆపరేషన్ దాకా ఏం చేయాలి

తల దువ్వుకుంటుంటే చేతికి గట్టిగా ఏదో తగులుతుంది. లేదా జుట్టు కత్తిరించే అతను చూసి చెబుతాడు. పిల్లలకైతే పుట్టువెంట్రుకలు తీయించిన రోజున బయటపడుతుంది. ఇలా కనబడే గడ్డల్లో ఎక్కువ భాగం చర్మానికో, చర్మం కింది కొవ్వుకో సంబంధించినవి, ప్రమాదం లేనివి. కొన్ని మాత్రం పుర్రె ఎముకలోంచే పుడతాయి. పైకి రెండూ ఒకేలా ఉండొచ్చు. అందుకే కొన్నిచోట్ల ‘కొవ్వు గడ్డే, పది నిమిషాల పని’ అని మత్తు సూది వేసి కోసేస్తారు. తీరా కోశాక కింద ఎముక కరిగిపోయి ఉంటుంది, రక్తం ఆగదు, కట్టు కట్టి పెద్దాసుపత్రికి పంపేస్తారు.

అందుకని అన్నిటికన్నా ముందు ఒక నియమం పెట్టుకోండి. తల మీద గట్టి గడ్డ ఉంటే, స్కాన్ చూడకుండా దానికి కత్తి గానీ సూది గానీ తగలనివ్వకండి. ఈ కణితుల్లో మొదటి ఆపరేషన్‌కే అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. ఒకసారి తెలియక కోసి, ముక్కలు చేసి, కణాలను చుట్టుపక్కలకు చేరనిస్తే రెండోసారి ఎంత గొప్ప సర్జన్ చేతిలో పడినా ఆ అవకాశం తిరిగి రాదు.

ఇది డాక్టర్ల కోసం రాస్తున్నది కాదు. ఇంట్లో ఒకరికి ఈ సమస్య వచ్చి, ఏ పరీక్ష ఎందుకో, ఏది ముందో ఏది తర్వాతో తెలియక తిరుగుతున్న కుటుంబం కోసం.

ఇంట్లోనే గమనించాల్సినవి

వేలితో గడ్డను మెల్లగా కదిపి చూడండి. చర్మంతో పాటు జరిగితే అది చర్మానిదే అయ్యే అవకాశం ఎక్కువ. చర్మం దాని మీదుగా జారుతూ గడ్డ మాత్రం కదలకపోతే అది ఎముకకు సంబంధించినది కావచ్చు. రెండు వైపులా తడిమి పోల్చండి. చెవుల వెనక ఉండే ఎముక ఉబ్బు, తల వెనక మెడకు పైన నడిమధ్యలో ఉండే బుడిపె అందరికీ ఉండేవే. తల వెనక బుడిపె కొందరు కుర్రాళ్లలో బాగా పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు.

తర్వాత తల కిందికి వంచమనండి. వంగినప్పుడు, పిల్లలైతే ఏడ్చినప్పుడు గడ్డ ఉబ్బి, లేచి నిలబడగానే తగ్గిపోతే లోపలి పెద్ద రక్తనాళంతోనో, మెదడు చుట్టూ ఉండే నీటితోనో దానికి సంబంధం ఉండొచ్చు. వేలి కింద నాడిలా కొట్టుకున్నా అంతే జాగ్రత్త. పసిపిల్లల్లో ముక్కు మొదట్లో గానీ నడినెత్తి మీద గానీ, అంటే సరిగ్గా మధ్యగీత మీద గడ్డ ఉంటే, దాని మీద చిన్న గుంట, రంధ్రం, వెంట్రుకల కుచ్చు ఉన్నాయేమో చూడండి. అలాంటి రంధ్రం ఒక్కోసారి ఎముకను దాటి మెదడు దాకా దారి తీస్తుంది. ఆ గడ్డను పిండినా గుచ్చినా మెదడు పొరలకు చీము పట్టొచ్చు.

ఒక కాగితం మీద ఇవన్నీ రాసుకోండి: మొదట ఎప్పుడు చూశారు, ఎంత పెరిగింది, నొప్పి ఉందా, రాత్రిపూట నిద్రలేపే నొప్పా, గతంలో తలకు దెబ్బ తగిలిందా, ఎప్పుడైనా కేన్సర్‌కు చికిత్స గానీ తలకు రేడియేషన్ గానీ తీసుకున్నారా. పాత ఫొటోలు ఉంటే వెతకండి. నుదుటి మీది గడ్డ అయిదేళ్ల కిందటి పెళ్లి ఫొటోలో కూడా ఇంతే ఉందని తేలితే డాక్టరుకు సగం సమాధానం దొరికినట్టే. పిల్లవాడు ఈ మధ్య మరీ ఎక్కువగా నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళుతుంటే అది తప్పకుండా చెప్పాలి. కారణం కింద వస్తుంది.

పుర్రె అడుగు భాగంలో పుట్టే కణితులు చేతికి తగలవు. ఒక వస్తువు రెండుగా కనబడటం, ఒక కన్ను బయటికి పొడుచుకు రావడం, చూపు మసకబారడం, ఒక చెవి వినికిడి తగ్గడం, మింగడం కష్టమవడం లాంటి వాటితో బయటపడతాయి. రెండుగా కనబడుతోందని కళ్లద్దాలు మార్చుకుంటూ నెలలు గడిపేసేవాళ్లు ఉన్నారు. కంటి డాక్టరు ‘కళ్లలో లోపం లేదు, నరం బలహీనపడింది’ అంటే తల స్కాన్ అడగండి.

మూర్ఛ, వాంతులతో కూడిన తీవ్రమైన తలనొప్పి, ఉన్నట్టుండి చూపు తగ్గడం, మత్తుగా ఉండటం, జ్వరంతో గడ్డ ఎర్రబడటం: వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

స్కాన్‌లు: ఏది, ఎందుకు

ముందు న్యూరో సర్జన్‌ను కలవండి. చిన్నపిల్లల్లో మెత్తని గడ్డ అయితే మొదట అల్ట్రాసౌండ్ సరిపోవచ్చు, దానికి రేడియేషన్ ఉండదు. ఎముక నుంచి పుట్టిందన్న అనుమానం ఉంటే సీటీ స్కాన్ తప్పదు. మామూలు బ్రెయిన్ సీటీలో ఎముక వివరం బాగా తెలియకపోవచ్చు కాబట్టి, సుమారు 1 మిల్లీమీటరు మందంతో సన్నని ముక్కలుగా, ఎముక స్పష్టంగా కనబడే బోన్ విండోలో తీయాలని డాక్టరు చీటీ మీద రాస్తారు. రాయకపోతే అడగండి. ఫిల్ములతో పాటు సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ తీసుకోవడం మరిచిపోవద్దు. మరో ఆసుపత్రిలో అభిప్రాయం అడిగినప్పుడు, ఆపరేషన్ థియేటర్‌లో స్కాన్ సాయంతో దారి చూపే నావిగేషన్ పెట్టినప్పుడు, కంప్యూటర్‌లో ఎముక అచ్చు తయారు చేసినప్పుడు ఆ డిజిటల్ బొమ్మలే కావాలి.

పుర్రె ఎముకలో బయట ఒక గట్టి పలక, లోపల మరో గట్టి పలక, రెంటి మధ్య మజ్జ నిండిన మెత్తని పొర ఉంటాయి. కణితి ఏ పొరలో పుట్టింది, ఏ పలకను తిన్నది, అంచు ఎలా ఉంది అన్నదాన్ని బట్టే రోగం పేరు చాలావరకు తెలుస్తుంది. రిపోర్టులో కనబడే పేర్లను కొంచెం తెలుసుకుందాం.

ఆస్టియోమా అన్నిటికన్నా సాధారణం. బయటి పలక మీద నున్నగా, దంతంలా తెల్లగా కనబడుతుంది. నుదుటి గాలిగదుల్లో కూడా పెరుగుతుంది. ఇది కేన్సర్ కాదు. కానీ తల మీద, దవడల్లో ఒకటికి మించి ఆస్టియోమాలు ఉంటే గార్డ్‌నర్ సిండ్రోమ్ అనుమానించి పెద్దపేగుకు కొలనోస్కోపీ చేయించాలి. ఆ జబ్బులో పేగులోని పిలకలు నిర్లక్ష్యం చేస్తే కేన్సర్‌గా మారతాయి. తల గడ్డ కోసం వెళ్లి పేగు పరీక్ష ఎందుకని విసుక్కోకండి.

హెమాంజియోమా ఎముక మజ్జలోని రక్తనాళాల నుంచి పుడుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. నుదురు, నడితల ఎముకల్లో వస్తుంది. సీటీలో మధ్య నుంచి చుట్టూ గీతలు విరజిమ్మినట్టు ఉంటుంది. కోస్తే బాగా రక్తం కారుతుంది కాబట్టి కణితిని తాకకుండా చుట్టూ మంచి ఎముకతో సహా తీయాలి. ‘సూది గుచ్చనివ్వొద్దు’ అనడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

ఫైబ్రస్ డిస్‌ప్లేషియాలో ఎముక స్థానంలో పీచులాంటి కణజాలం పెరిగి ఎముక ఉబ్బుతుంది. సీటీలో గరుకు గాజులా కనబడుతుంది. డాక్టర్లు ‘గ్రౌండ్ గ్లాస్’ అనేది దీన్నే. పుట్టుకకు ముందే కొన్ని కణాల్లో జీఎన్‌ఏఎస్ జన్యువు మారడం వల్ల వస్తుంది, తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. ఆ పాపం మాదేనేమోనని కుమిలిపోయే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

పిల్లల్లో కొద్ది వారాల్లోనే పెరిగి, ముట్టుకుంటే నొప్పి పుట్టి, సీటీలో పంచ్‌తో కొట్టినట్టు రంధ్రం కనబడితే లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ ముందు గుర్తుకు వస్తుంది. లోపలి పలక, బయటి పలక సమానంగా కరగకపోవడం వల్ల ఆ రంధ్రం అంచు ఏటవాలుగా ఉంటుంది. ఈ జబ్బు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని కూడా పట్టుకుంటే శరీరంలో నీరు నిలవదు. పిల్లవాడు ఎన్ని నీళ్లు తాగుతున్నాడని అడగడం అందుకే.

ఎపిడెర్మాయిడ్, డెర్మాయిడ్ తిత్తులు గర్భంలో ఉండగానే ఎముకలో ఇరుక్కుపోయిన చర్మకణాల నుంచి నెమ్మదిగా పెరుగుతాయి. అంచు నున్నగా, గట్టి గీతలా ఉంటుంది. ఎపిడెర్మాయిడ్ ఎంఆర్‌ఐలోని డిఫ్యూజన్ బొమ్మలో తెల్లగా మెరుస్తుంది.

40 దాటినవారిలో ఎముక తినేసిన రంధ్రం కనబడితే ముందు ఆలోచించాల్సింది వేరేచోటి నుంచి పాకిన కేన్సర్, మజ్జలో పుట్టే మైలోమా అనే కేన్సర్. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రోస్టేట్, థైరాయిడ్ కేన్సర్లు పుర్రెకు పాకుతాయి. థైరాయిడ్ నుంచి వచ్చింది నాడిలా కొట్టుకుంటూ, కోస్తే ప్రమాదకరంగా రక్తం కారేలా ఉండొచ్చు.

ఇక పుర్రె అడుగున క్లైవస్ అనే ఎముకలో, సరిగ్గా మధ్యలో పుట్టే కేన్సర్ కార్డోమా. అన్నిచోట్ల వచ్చే కార్డోమాలు కలిపినా ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి వచ్చేంత అరుదు. వాటిలో సుమారు మూడో వంతు తలలో ఉంటాయి. దాని పక్కనే, కొంచెం ఓరగా, చెవి ఎముకతో కలిసే చోట వచ్చేది కాండ్రోసార్కోమా. ఎంఆర్‌ఐ టీ2 బొమ్మలో రెండూ తెల్లగానే కనబడతాయి. కానీ కాండ్రోసార్కోమా చికిత్సకు చాలావరకు మెరుగ్గా లొంగుతుంది. అందుకే ఈ రెంటి మధ్య తేడా ముక్క పరీక్షలో కచ్చితంగా తేలాలి. ఆస్టియోసార్కోమా, ఈవింగ్ సార్కోమా అనే ఎముక కేన్సర్లు, జెయింట్ సెల్ ట్యూమర్, అన్యూరిస్మల్ బోన్ సిస్ట్ కూడా పుర్రెలో అరుదుగా వస్తాయి.

సీటీ తర్వాత డై ఎక్కించి ఎంఆర్‌ఐ తీస్తారు. ఎముక కింద ఉండే డ్యూరా అనే మెదడు పొరకు కణితి అంటుకుందా, మెదడును నొక్కుతోందా, సిరల మార్గం మూసుకుందా అన్నది అందులో తెలుస్తుంది. నడినెత్తి దగ్గరి కణితులకు సిరలను చూపే ఎంఆర్ వీనోగ్రామ్ కూడా అడుగుతారు. అక్కడ మెదడు నుంచి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద సిర, సాజిటల్ సైనస్, ఎముకకు సరిగ్గా అడుగునే ఉంటుంది.

తల ఒక్కటే చూసి ఆగకూడదు

ఈ దశను తొందరలో దాటేస్తారు. పెద్దవాళ్లలో ఎముక తినేసే గడ్డ ఉంటే రక్తంలో కాల్షియం, ప్రొటీన్ ఎలక్ట్రోఫోరిసిస్, ఫ్రీ లైట్ చెయిన్స్ చూడాలి. మైలోమా అయితే ఇక్కడే దొరికిపోతుంది. మగవాళ్లకు ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ రక్తపరీక్ష, ఆడవాళ్లకు మామోగ్రామ్, ఇద్దరికీ మెడలో థైరాయిడ్, ఛాతీ సీటీ చూస్తారు. అవసరమైతే పెట్ సీటీ. పిల్లల్లో మిగతా ఎముకలన్నిటికీ ఎక్స్‌రేలు గానీ పెట్ గానీ తీసి, ఇంకెక్కడైనా మచ్చలున్నాయేమో చూస్తారు. కళ్ల చుట్టూ నల్లగా కమిలి, కన్ను ముందుకొచ్చిన పసిపిల్లల్లో న్యూరోబ్లాస్టోమా అనే కేన్సర్ కోసం పొట్ట స్కాన్, మూత్ర పరీక్ష చేస్తారు.

ఇంకోచోట, చేతికో తొడకో, ముక్క తీయడానికి తేలికైన గడ్డ దొరికితే తల తెరవాల్సిన పనే ఉండకపోవచ్చు.

ముక్క పరీక్ష ముందా, ఆపరేషన్ ముందా

చిన్నగా, స్కాన్‌లో ప్రమాదం లేనట్టు కనబడే గడ్డను పూర్తిగా తీసేసి పరీక్షకు పంపితే రోగ నిర్ధారణా చికిత్సా ఒకేసారి అయిపోతాయి. పెద్దది, అంచులు చెదిరినది, వేగంగా పెరుగుతున్నది అయితే ముందు చిన్న ముక్క తీసి పేరు తేల్చుకోవాలి. ఎందుకంటే పేరును బట్టి వరస మారిపోతుంది. ఈవింగ్ సార్కోమాకు ముందు కీమో, తర్వాతే ఆపరేషన్ లేదా రేడియేషన్. మైలోమా లాంటి కణాలే ఒకేచోట గడ్డకట్టిన ఒంటరి ప్లాస్మాసైటోమాకు ప్రధాన చికిత్స రేడియేషన్. జెయింట్ సెల్ ట్యూమర్‌ను కొన్నిసార్లు డెనోసుమాబ్ ఇంజెక్షన్లతో ముందు అణిచి ఆపరేషన్ చేస్తారు. పేరు తెలియకుండా పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దని నేను గట్టిగా అంటాను, చూపు పోతోంది, మెదడు నలుగుతోంది లాంటి ఆగలేని పరిస్థితి ఉంటే తప్ప.

ముక్క తీసే కోత ఎక్కడ పెట్టాలన్నది కూడా చివరి ఆపరేషన్ చేసే సర్జనే నిర్ణయించాలి. రేపు పెద్ద కోత పెట్టేటప్పుడు ఆ పాత మచ్చను కూడా కణితితో కలిపి తీసేయగలగాలి.

తీసిన ముక్కలో ఎముక ఉంటే దాన్ని ఆమ్లంలో నానబెట్టి మెత్తబరిచాకే పలుచగా కోయగలరు. దీన్ని డీకాల్సిఫికేషన్ అంటారు, దానికి రోజులు పడుతుంది. థియేటర్‌లోనే చూసే ఫ్రోజెన్ సెక్షన్‌కు గట్టి ఎముక పనికిరాదు, మెత్తని భాగం దొరికితేనే చూస్తారు. ‘ఇంకా రిపోర్టు రాలేదా’ అని రోజూ వెళ్లి అడిగేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. నానబెట్టిన ముక్కలో కొన్ని జన్యు పరీక్షలు సరిగా రావు కాబట్టి మెత్తని ముక్క ఒకటి విడిగా ఉంచమని ముందే డాక్టరుతో మాట్లాడండి.

రిపోర్టులో కణితి రకాన్ని గుర్తుపట్టడానికి చూసే మార్కర్ల పేర్లు ఉంటాయి. లాంగర్‌హాన్స్ జబ్బుకు సీడీ1ఏ, లాంగెరిన్. కార్డోమాకు బ్రాకియూరీ. కాండ్రోసార్కోమాలో బ్రాకియూరీ ఉండదు, చాలావాటిలో ఐడీహెచ్ జన్యువులో మార్పు దొరుకుతుంది. ఇలాంటి అరుదైన కణితిని రోజూ చూసే పాథాలజిస్టులు తక్కువమంది. అందుకే స్లైడ్లతో పాటు మైనపు దిమ్మెలు, అంటే పారఫిన్ బ్లాకులు తీసుకుని పెద్ద కేంద్రంలో రెండో అభిప్రాయం అడగండి. ముంబయి టాటా మెమోరియల్, వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల బయటి స్లైడ్లను చూస్తారు. బ్లాకులు అడగడానికి సంకోచించక్కర్లేదు.

ఆపరేషన్ అవసరమా

పేరు తెలిశాక కొన్నింటిని వదిలేయడమే మంచిది. నొప్పి లేని, చూడటానికి ఇబ్బంది కాని చిన్న ఆస్టియోమాను ఏళ్ల తరబడి అలాగే ఉంచొచ్చు. అదే నుదుటి గాలిగదిలో పెరిగి దారి మూసేస్తే చీము పడుతుంది, అప్పుడు తీయాలి. ఫైబ్రస్ డిస్‌ప్లేషియా చాలామందిలో ఎదిగే వయసు దాటాక నెమ్మదిస్తుంది. అది కంటినరం చుట్టూ ఉన్నంత మాత్రాన, చూపు బాగుండగా ముందుజాగ్రత్త పేరుతో నరం చుట్టూ ఎముక తొలవడం మంచిది కాదు. ఆ పనిలోనే చూపు పోయే ప్రమాదం ఉంది. ఆరునెలలకో ఏడాదికో కంటి పరీక్ష, చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్టు చేయిస్తూ ఉండాలి. చూపు తగ్గడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఒకేచోట ఉన్న లాంగర్‌హాన్స్ గడ్డ ముక్క తీశాకో, గీకేశాకో తనంతట తానే మానిపోవచ్చు. కణత ఎముక, కంటిగూడు, పుర్రె అడుగు భాగాల్లో ఉన్నా, ఒకటికి మించి అవయవాల్లో ఉన్నా విన్‌బ్లాస్టిన్, ప్రెడ్నిసొలోన్ మందులతో సుమారు ఏడాదిపాటు చికిత్స చేస్తారు. అది పిల్లల కేన్సర్ నిపుణుల పని.

సాధారణంగా ఆపరేషన్ అవసరమయ్యేవి ఇవి: పెరుగుతున్న గడ్డ, ప్రమాదకరమైనదని తేలినది, నరాన్నో మెదడునో నొక్కుతున్నది, చీము పట్టే అవకాశం ఉన్న మధ్యగీత డెర్మాయిడ్, ముఖాన్ని వికారం చేస్తున్నది. చివరిదాన్ని ‘అందం కోసం’ అని చులకన చేయకండి. నుదుటి మీద గడ్డతో కాలేజీకి వెళ్లే అమ్మాయికి అదెంత బరువో ఆమెకే తెలుసు.

ఎక్కడ, ఎవరి చేత

తలపైభాగంలోని చిన్న గడ్డను అనుభవమున్న ఏ న్యూరో సర్జనైనా తీయగలరు. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్, మంగళగిరి ఎయిమ్స్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. పుర్రె అడుగు భాగపు కణితికి మాత్రం న్యూరో సర్జన్, ఈఎన్‌టీ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, రేడియేషన్ డాక్టరు ఒకే కప్పు కింద కలిసి పనిచేసే చోటు వెతకండి. ‘ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? మొత్తం తీయగలరా, కొంత మిగులుతుందా? మిగిలితే తర్వాతేమిటి? ఎముక ఖాళీని దేనితో పూడుస్తారు?’ అని అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు కోప్పడరు.

ఖర్చు విషయంలో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ప్యాకేజీలో ఆపరేషన్ ఉన్నా, ఎముక ఖాళీకి ప్రత్యేకంగా చేయించే పీక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) ప్లేటు గానీ, ప్రోటాన్ కిరణాలతో ఇచ్చే రేడియేషన్ గానీ ఉన్నాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర చేరకముందే తేల్చుకోండి. సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం (ఎల్‌ఓసీ) కోసం డాక్టరు అంచనా పత్రం కావాలి.

ఆపరేషన్‌కు ముందు

రక్తం పలుచబడే మాత్రలు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరునూ సర్జన్‌నూ కలిపి అడగండి. సొంతంగా ఆపొద్దు. ఇంట్లో బ్లేడుతో గుండు చేయించకండి. కంటికి కనబడని గాట్లలోంచి సూక్ష్మక్రిములు చేరతాయి. కోత పడే చోట క్లిప్పరుతో జుట్టు కత్తిరిస్తే చాలు, చాలామందికి పూర్తి గుండు అక్కర్లేదు. తిరుమల మొక్కు ఉంటే గాయం పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాక తీర్చుకోండి. రక్తం ఎక్కువగా పోయే కణితులకు ఆపరేషన్‌కు 1–3 రోజుల ముందు తొడ రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, కణితికి వెళ్లే నాళాలను మూసేస్తారు. దీన్ని ఎంబొలైజేషన్ అంటారు. రక్తదాతలను ముందే చూసుకోండి.

థియేటర్‌లో ఏం జరుగుతుంది

పూర్తి మత్తు ఇచ్చాక తల కదలకుండా మూడు పిన్నుల క్లాంపులో బిగిస్తారు. ఎముక పలుచగా ఉండే పసిపిల్లలకు పిన్నులు వాడకుండా మెత్తని దిండు మీద పెడతారు. కోత గీత జుట్టులో దాగేలా, చర్మానికి రక్తం తెచ్చే నాళాలు తెగకుండా ఉండేలా గీస్తారు. నుదుటి గడ్డకు కూడా చెవి నుంచి చెవికి నెత్తి మీదుగా కోత పెట్టేది అందుకే. ‘ఇంత చిన్న గడ్డకు ఇంత పెద్ద కోతా’ అని బెంగపడతారు గానీ, ముఖం మీద మచ్చ పడకుండా ఉండాలంటే అదే దారి.

చర్మం కింద ఎముకను కప్పి ఉండే పెరిక్రేనియం అనే పొరను కణితి అంటని చోట జాగ్రత్తగా లేపి పక్కన పెట్టుకుంటారు. మెదడు పొర చిరిగితే అతుకు వేయడానికి శరీరంలోనే దొరికే మంచి గుడ్డ అది. తర్వాత కణితి అంచు నుంచి కొంచెం దూరంలో, మంచి ఎముకలో చిన్న రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ చుట్టూ కోస్తారు. కణితి మధ్యలో రంధ్రం వేయరు. చాలా కణితుల్లో 1 సెంటీమీటరు దాకా మంచి ఎముకను కలిపి ఒకే ముక్కగా తీయడం లక్ష్యం. సార్కోమా అయితే ఇంకా ఎక్కువ. పెద్ద సిర మీదుగా వెళ్లే కోతను అన్నిటికన్నా చివర ఉంచుతారు. అక్కడ రక్తం వచ్చినా వెంటనే ఎముక ఎత్తేసి అదుపు చేయడానికి వీలుంటుంది. సాజిటల్ సైనస్ ముందు మూడో వంతును తప్పనిసరైతే కట్టేయొచ్చు. వెనక భాగాన్ని కట్టేస్తే మెదడు వాచిపోతుంది, అందుకే అక్కడ కొంచెం కణితి మిగిల్చి రావడం కూడా సరైన నిర్ణయమే.

ఎముక లేచాక డ్యూరాను చూస్తారు. శుభ్రంగా ఉంటే తాకరు. కణితి అంటుకుని ఉంటే ఆ భాగం కత్తిరించి, పెరిక్రేనియంతోనో తొడ పొరతోనో నీరు కారకుండా కుడతారు. డెర్మాయిడ్, ఎపిడెర్మాయిడ్ అయితే తిత్తి గోడ మొత్తం రావాలి. కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతుంది.

ఖాళీని పూడ్చడం తర్వాతి పని. చిన్న ఖాళీకి టైటానియం జాలీ, బోన్ సిమెంట్ సరిపోతాయి. సిమెంట్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి అడుగున ఉన్న పొర కాలకుండా చల్లని సెలైన్ పోస్తూ ఉంటారు. పెద్ద ఖాళీకి, నుదుటి వంపుకు సీటీ బొమ్మల నుంచి ముందే తయారు చేయించిన పీక్ లేదా టైటానియం ప్లేటు బాగా అమరుతుంది. ఎదిగే పిల్లల్లో వాళ్ల ఎముకనే రెండు పలకలుగా విడదీసి ఒక పలకను ఖాళీలో పెట్టడం మేలు. రెండేళ్ల లోపు పిల్లల్లో చిన్న ఖాళీ అయితే డ్యూరా తానే కొత్త ఎముకను పెంచగలదు. ప్రమాదకరమైన కణితి అని అనుమానం ఉండి చివరి రిపోర్టు రాకపోతే, ఖాళీని అప్పటికి వదిలేసి కొన్ని నెలల తర్వాత పూడ్చడం తెలివైన పని. అప్పటిదాకా తలకు దెబ్బ తగలకుండా చూసుకోవాలి.

పుర్రె అడుగు భాగమైతే

కార్డోమాలను ఇప్పుడు చాలావరకు ముక్కులోంచి ఎండోస్కోప్‌తో తీస్తున్నారు. ముఖం మీద కోత ఉండదు. ఇందులో పెద్ద భయం మెదడు నీరు ముక్కులోంచి కారడం. అర్జెంటీనాకు చెందిన హదాద్, బస్సాగస్తెగీ అనే డాక్టర్ల పేరుతో 2006లో ప్రచురితమైన పద్ధతిలో, ముక్కు మధ్యగోడ పొరను దాని రక్తనాళంతో సహా తిప్పి ఆ రంధ్రానికి అతికిస్తారు. అప్పటి నుంచి నీరు కారడం బాగా తగ్గింది. మెదడు కాండం, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరాటిడ్ ధమని పక్కనే ఉండటంతో మంచి ఎముకతో కలిపి ఒకే ముక్కగా తీయడం ఇక్కడ కుదరదు. అందుకే మిగిలిన కణాల కోసం 70 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) దాటిన రేడియేషన్ కావాలి. అంత మోతాదును పక్కన మెదడు కాండానికి తగలకుండా ఇవ్వడానికి ప్రోటాన్ బాగా పనికొస్తుంది. చెన్నైలో 2019 నుంచి అపోలో ప్రోటాన్ కేంద్రం నడుస్తోంది. నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్‌కు కూడా ప్రోటాన్ కేంద్రం ఉంది. ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే రేడియేషన్ డాక్టరును కలవడం అవసరం. మెదడు కాండానికీ మిగిలే కణితికీ మధ్య కొంచెం ఎడం ఉండేలా తీయమని వాళ్లు సర్జన్‌కు చెప్పగలరు.

ఇంటికొచ్చాక

ఒకటి రెండు రోజులు నుదురు, కళ్లు వాస్తాయి, తర్వాత తగ్గుతాయి. కుట్లు సాధారణంగా 7–10 రోజులకు విప్పుతారు, రేడియేషన్ పడిన చర్మమైతే ఇంకా ఆలస్యం. గాయానికి పసుపు, కొబ్బరినూనె, ఆకుపసరు ఏదీ రాయొద్దు. తలస్నానం ఎప్పుడో డాక్టరునే అడగండి. ముక్కులోంచి గానీ కుట్ల దగ్గర గానీ నీళ్లలా పలుచగా కారితే, ముందుకు వంగినప్పుడు ఎక్కువైతే, జలుబు అనుకుని ఊరుకోకండి, అదే రోజు వెళ్లండి. ముక్కులోంచి ఆపరేషన్ అయినవాళ్లు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. జ్వరం, మెడ బిగుసుకోవడం, గాయంలో చీము, మూర్ఛ కూడా వెంటనే చూపించాల్సినవే.

చివరి బయాప్సీ రిపోర్టు చేతికి రాకుండా చికిత్స అయిపోయిందని అనుకోవద్దు. అంచుల్లో కణితి ఉందా లేదా అన్న వాక్యం అందులో వెతకండి, కనబడకపోతే అడగండి. ఆపరేషన్ తర్వాత మొదటి ఎంఆర్‌ఐ ఎప్పుడో రాయించుకోండి. తర్వాతి స్కాన్‌లన్నిటినీ దానితోనే పోలుస్తారు. పూర్తిగా తీసిన ఆస్టియోమాకు ఒకటి రెండు సార్లు చూపించుకుంటే చాలు. కార్డోమా, కాండ్రోసార్కోమాలు పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. మొదటి రెండేళ్లు కొన్ని నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి స్కాన్ మానకూడదు. ఉద్యోగం కోసం అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లేవాళ్లు సీడీలు, ఆపరేషన్ నోట్సు, బ్లాకులు ఎక్కడున్నాయో రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. తలలో టైటానియం ఉన్నా ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చు. ఏ ప్లేటు వేశారో తెలిపే స్టిక్కరు డిశ్చార్జి పత్రానికి అంటించి ఇవ్వమని ఆసుపత్రి వదలకముందే అడగండి.